బకెట్టూ వాచీ లేకుండా కొటేషన్ వెయ్యకండి

తోటపని: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ శీర్షిక నిర్వహిస్తున్నావిడ కడియపులంకలో నర్సరీ ఇంట పుట్టారు. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చి, కొండాపూర్, పటాన్‌చెరు ప్రాంతాల్లో అపార్టుమెంట్లు, స్కూళ్లు, ఆఫీసుల తోటల నిర్వహణ కాంట్రాక్టులు చేస్తున్నారు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ధరల గురించే కాబట్టి, మొక్కల తెగుళ్ల ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేశాం.

ప్రశ్న: అక్కా, చాలా ఏళ్లు ఒక కాంట్రాక్టరు దగ్గర మాలీగా, తర్వాత సూపర్‌వైజరుగా పనిచేశాను. ఇప్పుడు సొంతంగా మొదలుపెడదామని ఉంది. ఒక గేటెడ్ కమ్యూనిటీవాళ్లు కొటేషన్ అడిగారు. లాన్ 22 వేల చదరపు అడుగులు, హెడ్జ్ (కత్తిరించి పెంచే మొక్కల కంచె) 600 మీటర్లు, చెట్లు 180, కుండీలు 300. బయట అడుగుకు నెలకు రూపాయిన్నర నడుస్తోందంటున్నారు. ఆ లెక్కన 33 వేలు. నేను 32 వెయ్యనా?
– ఒక పాఠకుడు, తెల్లాపూర్

జవాబు: వెయ్యకు తమ్ముడూ. ఆ రూపాయిన్నర రేటు ఎవరు పుట్టించారో గానీ ఈ చుట్టుపక్కల అందరి నోటా అదే. అడుగు రేటు టైల్స్ వేసేవాడికి పనికొస్తుందేమో, గడ్డి కోసేవాడికి పనికిరాదు. నీ 22 వేల అడుగులంటే అర ఎకరం పైచిలుకు. ఆ అర ఎకరం ఒకే చెక్కగా ఉండొచ్చు. లేదా రాళ్ల బాటలు, లైటు స్తంభాలు, జారుడుబల్లల మధ్య నలభై ముక్కలై ఉండొచ్చు. ముక్కలైన చోట లాన్ మూవర్ కన్నా చేత్తో పట్టి తిప్పే బ్రష్ కట్టరే ఎక్కువ తిరుగుతుంది, అంచులు తీయడానికే సగం రోజు పోతుంది. అడుగులు మాత్రం రెండు చోట్లా ఒకటే!

కాబట్టి సైటుకు మళ్లీ వెళ్లు. ఈసారి టేపుతో పాటు ఒక 20 లీటర్ల బకెట్టు, చేతికి వాచీ ఉండాలి. సెక్యూరిటీవాళ్లు నవ్వితే నవ్వనీ. తోట కుళాయికి పైపు తగిలించి, దాని చివర బకెట్టు పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడు. 40 సెకన్లనుకో. అంటే నిమిషానికి 30 లీటర్లు, గంటకు 1,800. ఎండాకాలంలో మన దగ్గర లాన్ పచ్చగా నిలవాలంటే రోజుకు 5 మిల్లీమీటర్ల తడైనా పడాలి. చదరపు మీటరుకు ఒక మిల్లీమీటరంటే ఒక లీటరు. నీ లాన్ దాదాపు 2,044 చదరపు మీటర్లు కాబట్టి రోజుకు 10 వేల లీటర్ల పైమాటే, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు రెండు. ఆ పైపుతో పట్టడానికి ఐదున్నర గంటల పైనే, కుండీలకు ఇంకో రెండు గంటలు. ఏప్రిల్, మే నెలల్లో ఒక మనిషి పొద్దున పట్టిన పైపు సాయంత్రం దాకా వదలడన్నమాట, ఆదివారంతో సహా. ఎండాకాలం గడ్డి పెరగదు, పని తక్కువ అనుకుని ధర వేసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. కమ్యూనిటీలో మురుగు శుద్ధి చేసిన నీళ్లు వాడుతుంటే ఇంకో మాట అడుగు: స్ప్రింక్లర్ల నోళ్లు పూడుకుపోతే బాగుచేయించేది ఎవరు, వాళ్లా నువ్వా?

ఇక వానాకాలం. మా వాళ్లు 20 అంగుళాల పెట్రోల్ మెషిన్‌తో, అడ్డులేని చోట గంటకు 5 వేల అడుగులు కోస్తారు. నీ లాన్‌కు నాలుగున్నర గంటలు. అంచులు తీసి, ఊడ్చి, సంచులకెత్తేసరికి ఒక మనిషికి రోజంతా పడుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా వారానికోసారి కోయకపోతే మెషిన్ ముందుకు పోదు. హెడ్జ్ దగ్గర, అది ఏ మొక్కో ముందు చూడు. నూరువరహాలైతే రెండు నెలలకోసారి కత్తిరిస్తే చాలు. డురంటా వానల్లో నెలకోసారి అడుగుతుంది. కోనోకార్పస్ అయితే ఇరవై రోజులకే జుట్టు విరబోసుకుంటుంది. మెషిన్ పట్టిన మనిషి, వెనక కొమ్మలు ఏరే మనిషి కలిసి రోజుకు 200 మీటర్లు చేస్తారు. 600 మీటర్లకు మూడు రోజులు, ఇద్దరు. అంటే ఒక్కో విడతకు ఆరు పనిదినాలు.

కలుపు గురించి కూడా ఒక మాట. పాదుల్లో కూర్చుని బొరిగెతో నాలుగు చోట్ల తవ్వి చూడు. తుంగ గడ్డలు తగిలాయా, ధరలో అదనంగా వేసుకో. వయ్యారిభామను పూత రాకముందు పీకేస్తే ఆ ఏడాదికి తగ్గుముఖం పడుతుంది. తుంగ అలా కాదు, పైన పీకితే కింద గడ్డ నుంచి మళ్లీ లేస్తుంది. నిన్న పీకిన చోట ఇవాళ మొలకలు చూసి కమిటీవాళ్లు మీ మనుషులు ఖాళీగా కూర్చుంటున్నారని ఫోను చేస్తారు. ఆ టెన్షన్‌కు కూడా ధర ఉండాలంటాను నేను.

ఇవన్నీ నెలవారీగా పనిదినాల్లో రాసుకో. నువ్వు చెప్పిన కొలతలకు నా అంచనా ఇది: నవంబరు నుంచి జనవరి దాకా ఇద్దరితో గడుస్తుంది. వానల్లో ఇద్దరికి పని బిగుతుగా ఉంటుంది, ఎండల్లో నీళ్లకే ఒకడు పోతాడు కాబట్టి కచ్చితంగా ముగ్గురు కావాలి. చలికాలంలో ఒకణ్ని మాన్పించి మార్చిలో మళ్లీ పిలిస్తే వాడు రాడు, ఈలోగా ఏదో ఫుడ్ డెలివరీలో చేరిపోతాడు. అందుకని ఏడాది పొడవునా ముగ్గురిని ఉంచి, కుండీల మట్టి మార్చడం, లాన్‌కు ఎరువు మట్టి చల్లడం లాంటి పనులను చలికాలానికి పెట్టుకో.

ఇప్పుడు డబ్బు. లెక్కకు సులువని జీతం 15 వేలు అనుకుందాం. నువ్వు మాత్రం నీ జోన్‌కు వర్తించే కనీస వేతనం ఎంతో కార్మిక శాఖ ఉత్తర్వు చూసి వేసుకో. యజమాని వాటా పీఎఫ్, ఛార్జీలతో కలిపి 13 శాతం, అంటే 1,950. ఈఎస్‌ఐ 3.25 శాతం, 488. బోనస్ 8.33 శాతం చొప్పున నెలకు 1,250. పండగ సెలవులు, జీతంతో కూడిన సెలవులు కలిపి నెలకు ఒకటిన్నర రోజు వేసుకుంటే 865. యూనిఫాం, బూట్లు, గ్లౌజులు 250. మొత్తం దగ్గరదగ్గర 19,800. పదిహేను వేల మనిషి నీకు పడేది ఇంతకు! ముగ్గురికి 59,400. పెట్రోలు నెలకు 30 లీటర్లు, 3,200. లాన్ మూవర్, బ్రష్ కట్టర్, హెడ్జ్ మెషిన్, స్ప్రేయర్ కలిపి 90 వేలు పెట్టి కొంటే, మూడేళ్లలో అరిగిపోతాయనుకుని నెలకు 2,500. బ్లేడ్లు, నైలాన్ వైరు, రిపేర్లు 1,500. పశువుల ఎరువు, వేపపిండి, మందులు 5 వేలు. నువ్వు బండి మీద తిరిగి చూసుకునే ఖర్చు 4 వేలు. ఇక్కడికి 75,600.

అయిపోలేదు. మనుషులకు ఏడో తారీఖుకల్లా జీతం ఇవ్వాలి, కమిటీ మాత్రం నీ బిల్లును రెండు నెలలకు పాస్ చేస్తుంది. ఎప్పుడు చూసినా నీ లక్షన్నర వాళ్ల దగ్గర ఇరుక్కుని ఉంటుంది. నూటికి రూపాయిన్నర వడ్డీకి తెచ్చినా నెలకు 2,268. సొంత డబ్బే పెడుతున్నా ఆ వడ్డీ వేసుకో, ఎందుకంటే అది నీ భార్య పుస్తెలతాడు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బయి ఉంటుంది. మన లైన్‌లో చాలామంది మొదటి పెట్టుబడి అదే. మొత్తం మీద 12 శాతం లాభం కలిపితే 87 వేల చిల్లర. నువ్వు వెయ్యాల్సిన ధర 87 వేలు.

ఇప్పుడు ఆ 33 వేలను దీని పక్కన పెట్టి చూడు. అందులో సక్రమంగా జీతమిస్తే ఇద్దరు మనుషులు కూడా రారు, వాళ్లకే 39,600 కావాలి. అలాగని ఆ ధర వేసినవాడు దొంగ అనను. అతను రిజిస్టర్‌లో ఇద్దరిని చూపించి, ఒక మనిషిని మూడు సైట్లకు తిప్పుతాడు. పీఎఫ్ కట్టడు. ఆర్నెల్లకు లాన్ పసుపు పచ్చగా మారాక కమిటీ అతన్ని మారుస్తుంది, అతను ఇంకో కమ్యూనిటీకి వెళ్తాడు. అతనితో పోటీ పడితే నువ్వూ అలాగే బతకాలి.

87 అనగానే కమిటీ ఉలిక్కిపడుతుంది. అప్పుడు ధర తగ్గించకు, పని తగ్గించు. ‘మీ ఖర్చుతో ఆటోమేటిక్ స్ప్రింక్లర్లు పెట్టించండి, మూడో మనిషి అక్కర్లేదు, 64,500కి చేస్తాను’ అని చెప్పు. ఒక మనిషిని తీసేసి పై లెక్క మళ్లీ వేసి చూడు, దగ్గరదగ్గర అంతే వస్తుంది. లేదా ‘వెనక గోడ వెంట హెడ్జ్‌ను ఏడాదికి నాలుగుసార్లే కత్తిరిస్తాం’ అని రాయి. ఏమీ తగ్గించకుండా, ‘మీరన్నారు కాబట్టి సార్, 60కి చేసేస్తా’ అన్నావంటే మొదట చెప్పిన 87 దొంగ లెక్కని నువ్వే ఒప్పుకున్నట్టు.

పన్నుల సంగతి కాస్త త్వరగా చెప్తాను. ఈఎస్‌ఐ 10 మంది, పీఎఫ్ 20 మంది పనివాళ్లుంటే తప్పనిసరి. నీ దగ్గర ముగ్గురే కాబట్టి ఇవాళ్టికి నువ్వు ఆ పరిధిలో లేవు. అయినా ధరలో పెట్టుకో, పెద్ద కమ్యూనిటీలు నెలనెలా చలాను కాపీ అడుగుతాయి. ఈఎస్‌ఐ లేనంతకాలం ఆ 488తో మనుషులకు ప్రమాద బీమా చేయించు. కొబ్బరిచెట్టు మట్టలు కొట్టడానికి ఎక్కిన కుర్రాడు పడితే కమిటీ చూపేది నీ వైపే. సేవల వ్యాపారానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏడాదికి 20 లక్షలు దాటాకే. నెలకు 87 వేలంటే ఏడాదికి 10,44,000. ఇలాంటి సైటు రెండోది వచ్చిందా, గీత దాటావు. అప్పుడు 18 శాతం అదనంగా వసూలు చేసి కట్టాలి, అందుకని కొటేషన్‌లో ‘పన్నులు అదనం’ అన్న రెండు మాటలు ఇప్పుడే రాసిపెట్టు. కమ్యూనిటీవాళ్లు బిల్లులో 1 శాతం టీడీఎస్, అంటే ముందుగానే కోసే ఆదాయపు పన్ను, పట్టుకుంటారు. అది పోయిన డబ్బు కాదు, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకో.

ప్రశ్న: అమ్మా, మా మున్సిపాలిటీ పార్కుల నిర్వహణకు టెండరు పిలిచింది. అంచనా విలువ 10 లక్షలు. పోయినేడు ఒకాయన 32 శాతం లెస్‌కు, అంటే అంచనా కన్నా అంత తక్కువకు, వేసి దక్కించుకున్నాడు. నేను 33 లెస్ వేస్తే వస్తుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వస్తుంది బాబూ, వచ్చాకే తిప్పలు. ముందు ఆ అంచనా కాగితం తీసి అందులో కూలీల పద్దు ఎంతో చూడండి. పార్కుల నిర్వహణలో ఇసుక, సిమెంటు ఉండవు, ఉండేదంతా మనుషుల పనే. 10 లక్షల్లో ఏడున్నర లక్షలు కూలీలకే వేశారనుకుందాం, మామూలుగా అలాగే ఉంటుంది. 33 శాతం లెస్ అంటే మీ చేతికొచ్చేది 6 లక్షల 70 వేలు. కూలీల డబ్బే ఏడున్నర అయితే మిగిలిన 80 వేలు ఎవరి జేబులోంచి వస్తాయి? రోడ్డు పనిలో లెస్ వేసినవాడు కంకర దగ్గరో, మెషినరీ దగ్గరో సర్దుకుంటాడు. పార్కులో సర్దుకోవడానికి మనిషి పొట్ట తప్ప ఏముంది?

ఇంకొకటి. మన రెండు రాష్ట్రాల వర్క్స్ టెండర్లలో 25 శాతం కన్నా ఎక్కువ లెస్ వేస్తే, అంచనాలో 75 శాతానికీ మీ ధరకూ ఉన్న తేడాను అదనపు సెక్యూరిటీ డిపాజిట్‌గా కట్టించుకునే షరతు ఉంటుంది. మీ లెక్కలో ఏడున్నర లక్షల్లోంచి 6 లక్షల 70 వేలు తీసేస్తే 80 వేలు. టెండరు వేసేటప్పుడు కట్టే ఈఎండీ (బయానా డిపాజిట్) కాకుండా ఇది అగ్రిమెంటు నాడు కట్టాలి. పైగా మున్సిపాలిటీ బిల్లు ఎప్పుడొస్తుందో కమిషనర్ గారే చెప్పలేరు. కనీసం మూడు నెలల జీతాలు చేతిలో లేకుండా సర్కారీ పార్కు జోలికి వెళ్లొద్దని నా దగ్గర నేర్చుకున్న కుర్రాళ్లకు చెప్తుంటాను.

పార్కులు మున్సిపాలిటీల విధులుగా రాజ్యాంగం 12వ షెడ్యూలులో ఉన్నాయి. అందువల్ల మున్సిపాలిటీకి కేవలం పని మాత్రమే చేసిపెట్టే కాంట్రాక్టుకు జీఎస్టీ మినహాయింపు ఉంది. మొక్కలు, ఎరువులు కూడా మీరే సరఫరా చేస్తూ వాటి విలువ మొత్తంలో 25 శాతం దాటితే ఆ మినహాయింపు వర్తించదు. టెండరు షెడ్యూలు పట్టుకుని ఒక్కసారి ఆడిటర్ దగ్గరికి వెళ్లిరండి. ఆయన ఫీజు కన్నా ఆ తేడా చాలా పెద్దది.

మీకు ఇంతకన్నా పనికొచ్చే దారి ఒకటి చెప్పనా? కేంద్ర ప్రభుత్వ సంస్థలు జెమ్ అనే సర్కారీ కొనుగోళ్ల పోర్టల్‌లో తోటపని సేవలకు బిడ్లు పిలుస్తుంటాయి. అక్కడ కనీస వేతనం కన్నా తక్కువకు వేస్తే బిడ్ నిలవదు. పోటీ అంతా మీ సర్వీస్ ఛార్జీ మీదే జరుగుతుంది. లాభం సన్నంగా ఉంటుంది గానీ కూలీల నోరు కొట్టక్కర్లేదు. ముందు చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోండి, దానికి ఫీజు లేదు, చాలా బిడ్లలో ఈఎండీ మినహాయింపు కూడా దొరుకుతుంది.

ప్రశ్న: నేను మా అపార్టుమెంటు సంఘం కార్యదర్శిని. గార్డెన్ పనికి మూడు కొటేషన్లు తీసుకుంటే 28 వేలు, 46 వేలు, 71 వేలు అని వచ్చాయి. ఒకే తోటకు ఇంత తేడా ఏమిటండీ? ఎవరిని నమ్మాలి?
– ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: ఒకే తోటకు కాదండీ, ఆ ముగ్గురూ మూడు వేర్వేరు పనులకు ధర చెప్పారు. మీరు ‘గార్డెన్ మెయింటెనెన్స్’ అని ఒక్క ముక్క రాసిచ్చి ఉంటారు. 28 వేలాయన ఒక మనిషి వచ్చి నీళ్లు పట్టి వెళ్తాడనుకున్నాడు. 71 వేలాయన ఎరువులు, మందులు, రాలిన ఆకు ఎత్తుబడి, ఏడాదికి రెండుసార్లు సీజనల్ పూలమొక్కలు అన్నీ కలిపేసుకున్నాడు. మళ్లీ పిలవండి. ఎంతమంది, రోజుకు ఎన్ని గంటలు, ఆదివారం ఎవరొస్తారు, మెషిన్లు ఎవరివి, సామాను ఖర్చు ఎవరిది, ఊడ్చిన చెత్త గేటు బయటికి ఎవరు పంపాలి అని ఒక పేజీలో రాసి ముగ్గురికీ అదే కాగితం ఇవ్వండి. తేడా సగానికి సగం తగ్గిపోతుంది.

తక్కువ ధర చెప్పినాయన్ను ‘మీ మనిషికి నెలకు చేతికి ఎంత ఇస్తారు’ అని సూటిగా అడగండి. నీళ్లు నమిలితే వదిలేయండి. మాలీకి డబ్బు సరిగ్గా అందకపోతే రేపు కార్మిక శాఖ నోటీసు కాంట్రాక్టరుకే కాదు, మీ సంఘానికీ వస్తుంది. మరో సంగతి, మీలాంటి సంఘాలు నాకు ఎక్కువగా చెప్పే ఫిర్యాదు: ‘కాంట్రాక్టరు జీఎస్టీ వేస్తున్నాడండీ’ అని. మీ నెలవారీ మెయింటెనెన్స్ ఒక్కో ఫ్లాటుకు 7,500 లోపు ఉంటే ఆ పన్ను మీకు తిరిగి సర్దుబాటు కాదు, నిజమే. అలాంటప్పుడు 20 లక్షల లోపు టర్నోవరున్న చిన్న కాంట్రాక్టరును చూసుకోండి. అది చట్టబద్ధమే. జీఎస్టీ ఉన్నవాణ్నే పెట్టుకుని ‘బిల్లు వద్దు, క్యాష్ ఇస్తాం’ అనడం మాత్రం వద్దు. ఒకావిడ నన్నూ అలాగే అడిగారు. మీ సంఘం ఆడిట్‌లో ఈ డబ్బు ఏ పద్దు కింద రాస్తారండీ అంటే జవాబు లేదు.

ప్రశ్న: మేడమ్, మాది కడియం దగ్గర చిన్న నర్సరీ. ఒక ఇంజినీరింగ్ కాలేజీవాళ్లు మా దగ్గర నాలుగు వేల మొక్కలు కొని, నిర్వహణ కూడా ఏడాది మీరే చూడండి అంటున్నారు. చచ్చిన మొక్కకు మొక్క ఉచితంగా మార్చాలని షరతు. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, వేమగిరి

జవాబు: మా ఊరి పక్కావిడ అడిగారు కాబట్టి కాస్త చనువుగా చెప్తున్నా. మొక్క మన చేతిలో ఉన్నప్పుడు మనది, వాళ్ల బోరు నీళ్లు తాగడం మొదలుపెట్టాక వాళ్లది. మన కడియంలో గోదావరి ఒండ్రు మట్టి, కాలవ నీళ్లు తాగి పెరిగిన పిల్లను తీసుకెళ్లి ఉప్పు బోరు మీద పెడితే క్రోటన్ల ఆకు అంచులు మాడతాయి. ఆ తప్పు నర్సరీది ఎలా అవుతుంది? ఒప్పుకునే ముందు బోరు నీళ్లు, మట్టి పరీక్ష చేయించండి, రిపోర్టును ఒప్పందానికి జతచేయండి.

షరతు ఇలా మార్చి రాయించుకోండి: నాటిన 45 రోజుల్లోపు చచ్చిన మొక్కకు మొక్క మేమిస్తాం. ఆ తర్వాత ఏడాదిలో నూటికి పది దాకా మా బాధ్యత, అంతకు మించితే మొక్క ఖరీదు కాలేజీది, నాటే కూలీ మాది. మోటారు కాలిపోయి నీళ్లు ఆగినా, పశువులు పడినా, ఫంక్షన్‌కు టెంట్లు వేసి తొక్కించినా మాకు సంబంధం లేదు. చివరి ముక్క తప్పక రాయండి. కాలేజీ వార్షికోత్సవం ఒక్కటి చాలు, రెండు వందల మొక్కలు పోతాయి. నాలుగు వేలలో పది శాతమంటే 400. ఆ 400 మొక్కల ఖరీదు మొదటే ధరలో కలిపెయ్యండి, ఉచితం అని పేరు మాత్రమే ఉంటుంది. ఇంకో చిట్కా: మార్చి తర్వాత నాటమంటే ఈ గ్యారంటీయే వద్దనండి. జూలైలో నాటిస్తే మీ నష్టం సగం తగ్గుతుంది.

ప్రశ్న: మా కాంట్రాక్టులో ‘చెట్ల నిర్వహణ’ అని ఉంది. ఇప్పుడు పార్కింగ్‌కు అడ్డమని రెండు పెద్ద వేప చెట్లు కొట్టెయ్యమంటున్నారు. అదనంగా ఎంత అడగాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ధర చెప్పకండి, కొట్టకండి. చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి, అది తెచ్చుకోవాల్సింది స్థలం యజమాని. అనుమతి కాగితం చేతిలో పెట్టాక కూడా అది నిర్వహణ కిందికి రాదు, వేరే పని, వేరే బిల్లు. ‘మాలీ కొట్టేశాడు’ అన్నమాట మీ మీద పడకుండా, మీరు వద్దన్నట్టు వాట్సాప్‌లోనైనా రాసి పంపండి. ఎండుకొమ్మలు, వైర్లకు తగిలే కొమ్మలు తీయడం మీ పనే. కాకపోతే ఎంత ఎత్తు వరకు అన్నది రాసుకోండి. మేము 12 అడుగులు అని రాస్తాం. అంతకు పైన నిచ్చెన, తాడు, మనిషి, అన్నీ విడిగా.

ప్రశ్న: అక్కా, మూడేళ్లకు ఒకే ధర ఒప్పుకుని ఒక స్కూలుకు పని చేస్తున్నాను. జీతాలు పెరిగాయి, రేటు పెంచమని అడిగితే స్కూలువాళ్లు అగ్రిమెంటు చూపిస్తున్నారు. ఏం చెయ్యను?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: సంతకం పెట్టిన కాగితంతో పోట్లాడి లాభం లేదమ్మా, అందులో ఒక నెల నోటీసుతో మానుకునే వీలుందేమో చూడు. ఉంటే, సెలవుల ముందు, ఏప్రిల్లో ఆ నోటీసు ఇవ్వు. జూన్‌లో పిల్లలొచ్చేసరికి తోట ఎండి ఉండకూడదని వాళ్లకూ తొందర ఉంటుంది, కూర్చుని మాట్లాడతారు. నోటీసు వీలు లేకపోతే పని గంటలు ఎన్నని రాశారో చూడు. అంతకన్నా ఎక్కువ చేస్తున్నట్టయితే, చాలామంది చేస్తారు, రాసిన గంటలకు దిగి రా.

కొత్త అగ్రిమెంటులో మాత్రం ఈ వాక్యం రాయించుకో, మేము అన్ని సైట్లకూ ఇదే పెడతాం: ‘ప్రభుత్వం కనీస వేతనాల్లో కరువు భత్యం పెంచినప్పుడల్లా, ఆ పెంపునకు, దానిపై పడే పీఎఫ్, ఈఎస్‌ఐ, బోనస్‌లకు సమానమైన మొత్తం అదే తేదీ నుంచి నెలవారీ బిల్లులో కలుస్తుంది.’ కరువు భత్యం ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. ఉత్తర్వు కాపీ జతచేసి పంపితే స్కూలు అకౌంటెంటు కూడా కాదనలేడు. లాభం శాతాన్ని ఆ పెంపు మీద వేయకు. అది వేశావంటే మొత్తం వాక్యాన్నే కొట్టేస్తారు.